ఒక్కడైనా పడకపోతాడా

“ఏమే, వాళ్ళని చేర్చుకున్నారా?” అని మా ఆయన అడిగాడు. “ముందు నువ్వా మాత్ర మింగు, నా బస్సు పోతుంది,” అన్నాను నేను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఇన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళం కదా, చివర్లో ఏదో గొప్ప మాటే అనుకుని ఉంటామని చర్చిలో అందరూ అనుకుంటారు. ఏమీ లేదు. ఆయన అడిగింది ఫుట్‌బాల్ గురించి, నేను చెప్పింది మాత్ర గురించి. డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి మాత్ర మింగి ఉంది, గ్లాసు కడిగి బోర్లించి ఉంది, మనిషి కుర్చీలో చల్లబడి ఉన్నాడు. (నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు మీద నంబరు చదువుతాను, అంతవరకే. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. నాటింగ్‌హామ్‌లో పెద్ద చదువు చదువుతున్న పిల్ల, సెలవులకి నా దగ్గరికి వచ్చింది. నా గొంతు బొంగురు, నా మాట మోటు. దాన్ని నునుపు చేయకమ్మా అని ముందే చెప్పాను.)

ఆ రోజుల్లో, అంటే మేము ఇంగ్లండులో ఈ బ్రాక్‌నెల్ వచ్చిన కొత్తల్లో, ఈ దేశం వాళ్ళు మమ్మల్ని ప్రేమగానే పిలిచేవారు. నన్ను ‘లవ్’ అనేవారు, ‘డార్లింగ్’ అనేవారు, మా ఆయన్ని ‘మేట్’ అనేవారు. ‘మాస్టారూ’ అని మాత్రం ఎవరూ అనేవారు కాదు. బాపట్ల దగ్గర మిషన్ స్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. విజిల్ ఊదితే పిల్లలే కాదు, దారిన పోయే గేదెలు కూడా ఆగేవి. ఇక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లదన్నారు. కాగితం చెల్లకపోతే పోనీ, మనిషే చెల్లడేమో అన్నట్టు అయిపోయాడు. ఇద్దరం ఒకే కేర్ హోమ్‌లో కుదిరాం. నేను లాండ్రీలో దుప్పట్లు ఉతికేదాన్ని, ఆయన ముసలివాళ్ళకి స్నానాలు చేయించేవాడు. ఒకరోజు ఉండబట్టలేక చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్ళని వరసలో పెట్టి ‘వన్, టూ, వన్, టూ’ అని చేతులు లేపించాడు. వాళ్ళు నవ్వుతూ బాగానే లేపారు. మేనేజరమ్మ వచ్చి, పనుల పట్టీలో ఇది లేదే అంది. ఆ విజిల్ తీసుకొచ్చి నా పోపుల డబ్బాలో పడేశాడు. చాలాకాలం నా ఆవాలకి ఇత్తడి వాసన.

ఆయన స్నానం చేయించే ఒక ముసలమ్మ కొడుకు దగ్గర్లో చిన్న ఫుట్‌బాల్ గ్రౌండ్ చూసుకునేవాడు. ఎండైనా వానైనా ఉన్ని టోపీ తీయడు కాబట్టి మేము టోపీ తాత అనుకునేవాళ్ళం. ఆ తాత తల్లిని చూడ్డానికి వచ్చినప్పుడు మా ఆయన తన డ్రిల్లు కథంతా ఆయనకి చెప్పాడు. ఒక వేసవిలో ఆ టోపీ తాతే కబురు తెచ్చాడు. గ్రీన్‌లాండ్ నుంచి కుర్రాళ్ళ జట్టు ఒకటి ఇక్కడివాళ్ళతో ఆడటానికి వస్తోందట. వాళ్ళకి దెబ్బలు చూసే మనిషి పొగమంచు వల్ల విమానం లేక అక్కడే ఉండిపోయాడట. “శనివారం వాళ్ళ మందుల బ్యాగు నువ్వు పట్టుకుంటావా మేట్? నీ పని ఎలా ఉందో చూసి, ఆదివారాలు మా పిల్లలకి ఆట నేర్పే పని సంగతి ఆలోచిద్దాం,” అన్నాడు. ఆ రాత్రి మా ఆయన ఆవాల్లోంచి విజిల్ తీసి తోముకున్నాడు.

గ్రీన్‌లాండ్ అంటే పచ్చగా ఉంటుందనుకున్నాను నేను. “అంతా మంచేనే,” అన్నాడు ఆయన. “ఊరికీ ఊరికీ రోడ్డే లేదంట. పడవెక్కాలి, లేకపోతే విమానం. అయినా ఆడతారు. సొంత జట్టుంది, సొంత జెండా ఉంది. ప్రపంచ ఫుట్‌బాల్ పెద్దలు మాత్రం లెక్కలోకి తీసుకోరంట.” “ఎందుకంట?” “విడి దేశం కాదంట, గ్రౌండ్లు సరిగ్గా లేవంట. మంచులో పచ్చిక ఎట్టా పెరుగుద్ది?” ఆ ‘లెక్కలోకి తీసుకోరు’ అన్న మాట దగ్గర ఆయనకి బాగా తగిలింది. చూడకుండానే వాళ్ళు ఆయనకి మనవాళ్ళయిపోయారు.

శనివారం చర్చి ఆడవాళ్ళని నేనే పోగుచేశాను. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి చప్పట్లు కొట్టేవాళ్ళు లేకపోతే ఎలా? పులిహోర చేస్తానంటే అందరూ వచ్చారు. నా పక్కన కూర్చుంది నర్సు ఆంటీ, మా అందరికీ పెద్ద. కింద గీత అవతల మా ఆయన ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, పరుగుకి తయారుగా నిలబడ్డాడు. ఒక చేతిలో నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో బ్యాగు. ఇంగ్లిషు మందుల మీద నమ్మకం లేక ఇంటి నుంచి పచ్చ మూత నొప్పుల బామ్ కూడా పెట్టుకున్నాడు. ఆట మొదలైంది. గ్రీన్‌లాండ్ పిల్లలు పొట్టిగా గట్టిగా ఉన్నారు, పిల్లుల్లా తిరుగుతున్నారు. ఇటువైపు వాళ్ళు వచ్చి గుద్దేవారు, జారేవారు, దొర్లేవారు. వీళ్ళు ఊగేవారు, తూలేవారు, చేతులు చాపి నిలబడేవారు. పడేవారు మాత్రం కాదు. మా ఆయన ముందు పెట్టిన కాలు తిమ్మిరెక్కి మార్చుకున్నాడు.

సగం ఆటకి గ్రీన్‌లాండ్ వాళ్ళు ఒక గోలు వెనకబడ్డారు. మా ఆయన కంచె దగ్గరికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. “పడరేందయ్యా వీళ్ళు?” అన్నాను. “వాళ్ళ కోచ్‌ని అడిగానే. అక్కడ గ్రౌండ్లు కంకర గ్రౌండ్లంట. పడితే తొడ చర్మం లేచిపోద్ది. అందుకని చిన్నప్పట్నించీ పడకుండా ఆడటమే నేర్చుకుంటారంట.” టోపీ తాత అటువైపు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. “మరి నీ పనెట్టా చూస్తాడు ఆయన?” అన్నాను. “అదేగా నేనూ అనేది! ఒక్కడైనా పడకపోతాడా?” అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన మళ్ళీ విజిల్ ఊదాలంటే ఎవరో ఒకడు పడి తీరాలి.

“ఆంటీ, ప్రార్థన చేద్దామా?” అన్నాను. “చేద్దాం. గెలవాలనేగా?” “కాదాంటీ. ఒకడు పడాలని.” నర్సు ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఎముకలు విరగనక్కర్లేదు ఆంటీ. బెణికితే చాలు.” “నీకు దయ్యం పట్టిందే పిల్లా! ముప్పై ఏళ్ళు కట్లు కట్టినదాన్ని, కాలు బెణకాలని దేవుణ్ణి అడగనా?” అంది. అక్కడ బకెట్టుతో నిలబడ్డ మనిషిని చూసి, “చిన్న బెణుకేనా?” అని కళ్ళు మూసుకుంది. మా వరసంతా కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి అరుపులు. గ్రీన్‌లాండ్ వాళ్ళ బక్క పిల్లవాడు ఒకడు గోలు కొట్టాడు, లెక్క సమం అయింది. మేమది చూడనేలేదు. మేము చూసింది ఆ పిల్లవాడు బోర్లా పడి, పచ్చికలో ముఖం దూర్చి కదలకుండా ఉండటం. “స్తోత్రం!” అన్నాను నేను గట్టిగా. మా ఆయన అప్పటికే బయలుదేరాడు. రిఫరీ పిలవలేదు, ఎవరూ పిలవలేదు. ఆయన అంత పరుగెత్తడం నేను మా పెళ్ళినాడు కూడా చూడలేదు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే బకెట్టు నీళ్ళన్నీ ఆ పిల్లవాడి మీద గుమ్మరించాడు. కాలు ఒడిలోకి లాక్కుని మోకాలికి బామ్ రుద్దడం మొదలుపెట్టాడు. ఆ పిల్లవాడికి దెబ్బా లేదు, పాడూ లేదు. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ పడి ఎరగడు కదా, అంత మెత్తటి పచ్చిక దొరికేసరికి గోలు కొట్టిన సంతోషంలో దాని మీద జారి, వాసన చూస్తూ పడుకున్నాడు. ఉలిక్కిపడి లేచి, వద్దు వద్దంటూ మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత అదే చేతుల్తో కళ్ళ మీది నీళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు దొర్లాడమ్మా, నిజంగా దొర్లాడు. ఆ అరుపు విని నర్సు ఆంటీ, “మనం ఇంత అడగలేదే,” అంది.

రిఫరీ మా ఆయనకి బయటికి దారి చూపించాడు. ఊరంతటికీ విజిల్ ఊదిన మనిషి మీద విజిల్ ఊదారు. ఖాళీ బకెట్టు పట్టుకుని, ఇస్త్రీ ప్యాంటు తడిసి, గ్రౌండ్ చుట్టూ నడుచుకుంటూ వచ్చాడు. నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను, పైట అడ్డం పెట్టుకుని. ఆ పిల్లవాడు కళ్ళు తెరవలేక బయటే కూర్చున్నాడు, వాళ్ళు ఓడిపోయారు. టోపీ తాత వచ్చి, “థాంక్స్ మేట్, నీ ప్రయత్నం నువ్వు చేశావు,” అని భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టడంలోనే మాకు తెలిసిపోయింది.

ఆట అయ్యాక గ్రీన్‌లాండ్ వాళ్ళ జట్టు జట్టంతా పచ్చిక మీద వెల్లకిలా పడుకుంది. నేను పులిహోర పంచాను. వాళ్ళ కోచ్ మా ఆయన పక్కన చతికిలబడి ఏదో చెప్పాడు. బస్సులో అడిగాను, ఏమన్నాడని. “‘మమ్మల్నేమో ఆటలోకే రానివ్వరు, నిన్నేమో ఆటలోంచి తోలేశారు, ఇక నువ్వు మావాడివే మాస్టారూ’ అన్నాడే.” “మాస్టారూ అనే అన్నాడా?” “వాళ్ళ భాషలో ఏదో అన్నాడులే. నేనట్టా అనుకున్నా.” బస్సంతా బామ్ వాసన. ఇంటికొచ్చాక ఆయన చాలాసేపు చేతులు కడుక్కోలేదు.

టోపీ తాత మళ్ళీ పిలవలేదు. విజిల్ మళ్ళీ పోపుల డబ్బాలోకి వెళ్ళింది. కానీ ఆయనకి ఒక అలవాటు మిగిలింది. నా చేతిలో ఫోను కనపడితే చాలు, “వాళ్ళని చేర్చుకున్నారా?” అనేవాడు. నాకు చదవడం రాదని తెలుసు, అయినా అడిగేవాడు. “వాళ్ళని చేర్చుకుంటే నీకు ఉద్యోగమిస్తారా ఏంది?” అనేదాన్ని. “ఇయ్యరులే, ఊరికే,” అనేవాడు. ఒక్కసారైనా ఎవరిచేతైనా చూపించి చెప్పింది లేదు. ఎదుటివాడి కాలు బెణకాలని దేవుణ్ణి అడిగిన ఆ మొద్దు పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మొగుడి కోసం అంత పని చేసింది, ఈ చిన్న పని చేయలేదు.

నిన్న ఈ పిల్లచేత ఫోనులో చూపించాను. ఇంకా చేర్చుకోలేదట.

అయిపోయిందమ్మా, ఇక రాయొద్దు. ఏదీ, మొదట్నించి చదువు. మీ మావయ్య అడిగాడే, ఆ మాట చదివి కొంచెం ఆగు. మాత్ర సంగతి చదవకు. ఈసారి నేను జవాబు చెబుతాను.