పెనుకొండ వాళ్ళకు అరువిచ్చిన గోల్‌కీపర్

మా అమ్మాయికి పుట్టుకతోనే గుండెలో చిన్న రంధ్రం ఉండేది. బడిలో చేరకముందే పుట్టపర్తిలో ఆపరేషన్ చేసి దాన్ని మూసేశారు. ఆ తర్వాత ఏడాదికోసారి తీసుకుపోతే డాక్టర్లు చూసి, "బాగుంది, అందరు పిల్లల్లాగే పెంచండి" అని పంపేవాళ్ళు. ఆ మాట మా ఆయన నమ్మాడు, అమ్మాయి నమ్మింది. నేను మాత్రం అక్కడ తల ఊపి, ఇంటికొచ్చి నా పద్ధతిలోనే పెంచాను. మెట్లు నిదానంగా ఎక్కమనేదాన్ని. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టమని బడికి పోయి టీచరుకు చెప్పి వచ్చేదాన్ని. అలా కూర్చుని కూర్చుని అది ఎవరితోనూ కలవని పిల్లగా తయారైంది. బడి నుంచి రాగానే నా కుట్టుమిషను పక్కన చేరి, గుడ్డ పేలికలతో ఏదో ఒకటి చేసుకుంటూ ఉండేది.

మేముండేది హిందూపురంలో. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా వీధిలోనే పట్టుగూళ్ళ మార్కెట్లో దళారీ పని చేసే ఆయన కుటుంబం ఉంది. వాళ్ళమ్మాయి, మా అమ్మాయి ఒకే తరగతి. ఆ పిల్ల సాయంత్రం కాగానే మోకాళ్ళ దాకా సాక్సులు లాక్కుని ఫుట్‌బాల్ క్లబ్బుకు పోయేది. ఒకరోజు వాళ్ళమ్మ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి మా అమ్మాయిని చూసింది.

"ఏమక్కా, పిల్లను ఇట్ల మిషను కాడ కట్టేసినట్ల పెట్టుకున్యావు? మా పాపతో కూడా పంపియ్యి."

"అది పరిగెత్తకూడదులే," అన్నాను.

"నేను పరిగెత్తనులే మా. గోలు కాడ నిలబడుకుంటా," అని మిషను పక్క నుంచి మా అమ్మాయి అంది. బయటివాళ్ళ ముందు అది అంత మాట మాట్లాడటం నేను అప్పటికి వినలేదు. గోల్‌కీపర్ ఒకచోట నిలబడి ఉంటుందనే మేమిద్దరం నిజంగా అనుకున్నాం. అందుకే ఒప్పుకున్నాను.

మర్నాడు నేనే వెంట తీసుకుపోయాను. ఆట నేర్పే ఆమె నాకంటే చాలా చిన్నది. పెనుకొండ దగ్గరి ఒక మెట్ట పల్లె నుంచి వచ్చింది, వాళ్ళ నాయన ఇప్పటికీ గొర్రెలు మేపుతాడు. పగలు ఒక ప్రైవేటు బడిలో పని చేసి, సాయంత్రాలు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంది. పిల్లలు అక్కా అంటారు, మేము మేడం అంటాం. నేను మా అమ్మాయి సంగతంతా చెప్పుకొచ్చాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యో పాపం అని కూడా అనలేదు.

"మళ్ళా డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతారమ్మా?" అని అడిగింది.

"వచ్చే నెల."

"పోయినప్పుడు ఒక మాట అడగండి. బాలు ఎదకు గట్టిగా తగిలితే ఏమన్నా అవుతాదా అని. అంతవరకు ఈడికి రానీండి, పిల్లోళ్ళతో కలిసి తిరగనీండి. ఆయన సరే అంటేనే గ్లౌజులిస్తా."

నేను ఇన్నేళ్ళూ భయపడ్డాను గానీ డాక్టరును ఇలా సూటిగా ఒక ప్రశ్న అడిగింది లేదు. అడిగితే ఆయన నవ్వి, ఆపరేషన్‌లో కోసిన ఎద ఎముక ఎప్పుడో అతుక్కుందనీ, ఏ పిల్లకు తగిలినా ఎంతో ఈ పిల్లకూ అంతేననీ చెప్పాడు. మా అమ్మాయికి గ్లౌజులు వచ్చాయి.

అప్పటినుంచి సాయంత్రాలు నేనూ మైదానానికి పోయేదాన్ని. ప్రహరీ నీడన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ ఒక కన్ను దానిమీద వేసి ఉంచేదాన్ని. గోల్‌కీపర్ నిలబడి ఉండదని మొదటి వారంలోనే తెలిసింది. అది నేలమీద పడుతుంది, దొర్లుతుంది, ఒళ్ళంతా ఎర్రమట్టి పూసుకుని లేస్తుంది. నేను లేచి నిలబడ్డప్పుడల్లా పక్కన కూర్చున్న తల్లులు, "కూచోక్కా, లేస్తాది" అనేవాళ్ళు. నిజంగానే లేచేది. ఆఖరి పిల్లకోసం ఎవరో ఒకరు వచ్చేదాకా మేడం మైదానం వదిలి పోయేది కాదు. బాగా ఆడలేని పిల్లను కూడా రోజూ కాసేపు ఆటలోకి దించేది. నాకు ఆట తెలియదు గానీ, ఈ రెండూ తెలిశాయి.

అయితే మా అమ్మాయి రెండో గోల్‌కీపరు. మొదటి పిల్ల పొడుగ్గా ఉంటుంది, అనుభవమూ ఉంది. బయట మ్యాచులకు పోతే మా పిల్ల గ్లౌజులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాకు లోలోపల అదే హాయిగా ఉండేది.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పెనుకొండ పిల్లలతో మ్యాచి పెట్టుకున్నారు. మేమంతా పొద్దున్నే బస్సులో పోయాం. దళారీ ఆయన కూడా వచ్చాడు. వాళ్ళమ్మాయే మా జట్టులో ఎక్కువ గోల్స్ కొట్టేది, ఆమె ఆడుతుంటే ఆయన గీత పక్కన అటూ ఇటూ నడుస్తూనే ఉంటాడు. తీరా పోయి చూస్తే పెనుకొండ గోల్‌కీపరు రాలేదు. ఇంట్లో పెళ్ళని పిల్లను కదిరికి తీసుకుపోయారట. వాళ్ళకు ఇంకొకరు లేరు. వాళ్ళ సారు మొహం చిన్నబుచ్చుకుని, "ఈ పొద్దుకు వద్దులే మేడం, ఊరికే వచ్చినారు మీరు" అన్నాడు.

కొండ కింద ఎండలో ఆ పిల్లలు జెర్సీలేసుకుని వరుసగా నిలబడి ఉన్నారు. మా మేడం వాళ్ళవైపు చూసి, తిన్నగా మా అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, ఈ పొద్దు పెనుకొండకు ఆడతావా?"

"మనోళ్ళ మీదనా అక్కా?"

"మనోళ్ళ మీదే. ఆడితే ఉత్తుత్తగా ఆడకూడదు. ఇష్టం లేకపోతే చెప్పు, ఎవురూ ఏమనరు."

అది నా వైపు చూడలేదు. చూస్తే నేను వద్దనేదాన్ని. "పోతాక్కా," అని వాళ్ళ జెర్సీ తీసుకుంది. ఆ జెర్సీ దానికి మోకాళ్ళ దాకా వచ్చింది.

దళారీ ఆయనకు కోపం వచ్చింది. "ఇదేంది మేడం, మన పిల్లను తీసకపోయి మనకే అడ్డం పెడతాండావు. వచ్చే నెల ధర్మవరంలో పోటీలుండాయి. గెలిచేది నేర్పాల్నా, ఇట్లాటివి నేర్పాల్నా?"

"అన్నా, గెలిచేదానికి ముందర ఆట జరగల్ల గదా," అంది మేడం. గొంతు పెంచలేదు. ఆయన చేతులు కట్టుకుని దూరంగా పోయి నిలబడ్డాడు.

ఆట మొదలైంది. మొదట్లో బాలు మా అమ్మాయి దాకా రాలేదు. వచ్చినప్పుడు ఒకటి వదిలేసినట్టే వదిలి కాలితో తన్నింది. తర్వాత ఒకటి పట్టుకుంది. ఇంకొకటి పట్టుకుంది. పెనుకొండ తల్లులు గట్టు మీద కూర్చుని, దాని పేరు తెలియక, "పట్టుకో పాపా, పట్టుకో" అని అరుస్తున్నారు. నా బిడ్డను చూసి పరాయి ఊరివాళ్ళు అలా సంబరపడుతుంటే నాకు చేతిలో సూది ఆగిపోయింది.

సగం ఆట అయినాక దళారీ ఆయన కూతురు ఎదురుగా దూసుకొచ్చి దగ్గర్నుంచి కొట్టింది. బాలు పోయి మా అమ్మాయి ఎదకు తగిలింది. అది వెల్లకిలా పడింది.

ఒళ్ళో జాకెట్టు ఎక్కడ పడేశానో తెలియదు, గీత దాటి పరిగెత్తాను. నా కంటే ముందే, బాలు కొట్టిన ఆ పిల్ల దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తోంది. మేడం మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఊపిరి పీల్చు, నిదానంగా. యాడ నొప్పి?" అని అడుగుతోంది. నేను వంగితే మా అమ్మాయి కళ్ళు తెరిచి నన్ను చూసి, "అమ్మా, నువ్వు లోపలికి రాకూడదు. పో, ఆట ఆగిపోయింది," అంది. తర్వాత స్నేహితురాలి వైపు తిరిగి, "నువ్వేందే ఏడుస్తాండావు, గోలు పోలేదు కదా" అంది.

మేడం దాన్ని కాసేపు బయట కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, నా మొహం చూసి అడిగింది. "మీరు సరే అంటేనే పంపిస్తానమ్మా."

డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తు తెచ్చుకున్నాను. నమ్మడం అంత తేలిక కాదు. అయినా తల ఊపాను. ఒక పెనుకొండ ఆమె నా భుజం పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుని మజ్జిగ ఇచ్చింది. "మా కోసరం ఆడతాంది మీ పాప. దేవుడు సల్లగా సూడాల," అంది. అప్పుడు ఏడ్చాను.

ఆఖర్లో పెనుకొండ వాళ్ళు ఒక గోలు కొట్టారు. మా వాళ్ళు ఓడిపోయారు. ఓడింది సగం మా అమ్మాయి వల్లనే.

బస్టాండుకు నడుస్తుంటే దళారీ ఆయన అందరికంటే ముందు విసవిసా పోయాడు. వీధిలో రేపట్నుంచి ఎట్లా మొహం చూసుకోవాలా అని నాకు బెంగపట్టుకుంది. బస్సు ఎక్కి కూర్చున్నాక ఆయన కిందికి దిగి, ఉడకబెట్టిన శనక్కాయలు పొట్లాలు కట్టించుకుని వచ్చాడు. మొదటి పొట్లం మా అమ్మాయి చేతిలో పెట్టాడు.

"మా పాప కొట్టినేవి ఎట్ల పట్టినావమ్మా అన్ని? ఇంటి కాడ కొడితే నేనే తప్పుకుంటా."

మా అమ్మాయి సిగ్గుపడి కాయలు ఒలుచుకుంది. ఆయన మేడం దగ్గర ఆగి, "మళ్ళా ఎవురికన్నా తక్కువైతే మా పాపను ఇయ్యి మేడం" అన్నాడు. మేడం సరేనన్నా అంది. బస్సులో అందరూ నవ్వారు, ఆయన కూడా.

ధర్మవరం పోటీలకు మేము రైల్లో పోయాం. అక్కడ మేడం మా అమ్మాయిని మొదటిసారి మా జట్టుకే సగం ఆట ఆడించింది. అది రెండు గోల్స్ వదిలేసింది, ఏడ్చింది, చిత్రాన్నం తిన్నాక మామూలైంది. మేము ఓడిపోయి బయటికి వస్తుంటే, వాళ్ళ మ్యాచి కోసం వచ్చిన పెనుకొండ తల్లులు, "మా గోల్‌కీపరమ్మ" అని దాన్ని పిలిచి చుట్టూ చేరారు. గెలిచిన జట్టు పిల్లలకు కూడా అంత మర్యాద జరగలేదు.

మొన్న వానాకాలంలో నాకు డెంగీ వచ్చి మంచం పట్టాను. మా ఆయనకు షిఫ్టు మారలేదు. దళారీ ఆయన భార్య రోజూ సంగటి, పప్పు పట్టుకొచ్చింది. మైదానం నుంచి అమ్మాయిని ఎవరో ఒకరు ఇంటిదాకా దింపి, గుమ్మం దగ్గర నిలబడి, "ఎట్లుండాది వదినా ఒళ్ళు?" అని అడిగి పోయేవాళ్ళు. మజ్జిగ ఇచ్చిన పెనుకొండ ఆమె ఎక్కడ తెలుసుకుందో ఏమో, ఫోను చేసి ఏమేం తినాలో చాలాసేపు చెప్పింది. హిందూపురం వచ్చిన కొత్తలో ఇట్లాంటి జ్వరమే వస్తే, తలుపు తట్టిన మనిషి లేక నేనూ మా ఆయనా ఎంత అవస్థ పడ్డామో నాకు తెలుసు.

క్లబ్బు గురించి బంధువులు అడుగుతుంటారు, ఆడి ఏం సాధిస్తాది అని. మా అమ్మాయి జిల్లా జట్టుకు పోతుందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ రెండో గోల్‌కీపరే. మా ఇంట్లో మాత్రం సాయంత్రం తలుపు దగ్గర దానికోసం ముగ్గురు నలుగురు పిల్లలు కేకేస్తుంటారు. నేను మిషను ఆపి, "వస్తాంది ఉండండమ్మా" అని బదులు చెబుతుంటాను.