వెనక సీటు సుందరరాజు

మా అక్క హన్నమ్మ కొడుకు సుందరరాజుకు మాట తక్కువ, మొండితనం ఎక్కువ. తిరువూరు మిషన్ బడిలో చదివి, పరీక్షలు రాసి నౌకాదళంలో చేరాడు. ఆ రోజు నుంచి వాళ్ల నాన్న, మా లాజరు బావ కోతలకు పట్టపగ్గాల్లేవు.

1958 వేసవిలో వాడు కొచ్చిన్ నుంచి సెలవు మీద వచ్చాడు. రెండు సీట్ల విమానంలో వెనక కూర్చుని, నడిపేవాడికి దారి చెప్పడం వాడి పని. ఒంటి సీటు యుద్ధవిమానం నడపడం నేర్పిస్తామని పైవాళ్లు అడిగితే వద్దన్నాడట. అది విని బావ ఇల్లు పీకి పందిరేశాడు. "వెనక కూర్చోవడానికట్రా నిన్ను కన్నది? వెళ్లి ఒప్పుకో!"

మర్నాడు ఆదివారం. మా చర్చిలో మేలు పొందినవాళ్లు కానుక తెచ్చి, అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. బావ కోడిపుంజును చంకన పెట్టుకుని లేచాడు. "యుద్ధమొస్తే మావాడు సముద్రం మీద ఒక్కడే విమానం నడుపుతాడు. దేవుడికి స్తోత్రం!" అన్నాడు. అందరి చెవినా వేస్తే కొడుకు కాదనలేడని ఆయన ఎత్తు. నాకు ఒళ్లు మండిపోయింది.

సుందరరాజు లేచాడు. అక్క చొక్కా పట్టుకు లాగినా కూర్చోలేదు.

"నాన్న చెప్పింది నిజం కాదండి. నేను వెనక కూర్చుంటాను. సముద్రం మీద ఆనవాళ్లుండవు. రేపు మా విమానాలు ఓడ మీంచే ఎగిరి, మళ్లీ దాని మీదే దిగాలి. మనం తిరిగొచ్చేలోపు ఆ ఓడ ఇంకెక్కడికో పోతుంది. పోయిన యుద్ధంలో ఒంటి సీటు విమానం నడిపినాయన మాకు పాఠం చెప్తారు. శత్రువును చూసుకుంటూ, ఓడను వెతుక్కుంటూ దారి తప్పి మునిగిపోయిన స్నేహితుల్ని తలుచుకుని ఏడ్చారండి. ఒంటి సీటుదే వేగం, కాదనను. కానీ నన్ను నమ్మి ముందు ఒకడు నడుపుతున్నాడు. వాణ్ణి వదిలి వెళ్లను."

బావ ముఖం కందగడ్డయింది. అయిపోయింది, ఇక వీణ్ణి గడప తొక్కనివ్వడు అనుకున్నాను. ఆయన చంకలో కోడిపుంజు గట్టిగా కూసింది.

"ఆ ముందు కూర్చునే కుర్రాడి పేరేంట్రా?" అన్నాడు బావ చివరికి.

"వెంకటకృష్ణారావు నాన్నా."

బావ కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఇందాక అబద్ధమాడాను, క్షమించు. ఆ వెంకటకృష్ణారావును క్షేమంగా ఓడకు చేర్చే తెలివి నా కొడుక్కి దయచెయ్యి."

అందరికంటే ముందు మా అక్కే ఆమేన్ అంది.