అనుమానాలక్క పట్టిన దొంగ అల

ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ అనుమానాలక్క. స్పృహలేని రోగుల తలకు జిగురు రాసి, తీగలు అతికించి, మెదడు అలలు తెర మీద ఎలా నడుస్తున్నాయో చూడడం ఆమె పని. తెర మీద కనిపించేదంతా మెదడు నుంచే రాదు. దవడ కదిలినా, చెమట పట్టినా, ఎవరో మంచానికి తగిలినా అల లేస్తుంది. అలాంటి దొంగ అలల్ని ఏరిపారేసి ఏరిపారేసి ఆమెకు లోకం మీదే నమ్మకం పోయింది. ఇంట్లో మొగుడు దగ్గితే, అది నిజం దగ్గా, పని తప్పించుకునే దగ్గా అని రెండోసారి దగ్గించి మరీ చూస్తుంది. పాపం, ఆ మనిషి రెండోసారి ఇంకా బాగా దగ్గుతాడు.

ఐసీయూలో ఒక లారీ డ్రైవరున్నాడు. తలకు దెబ్బ తగిలితే మందిచ్చి నిద్రలో ఉంచారు. ఆ పూట మందు తగ్గించి లేపుదామనుకుంటుండగా తెర మీద వరసగా, ఒకే లయలో అలలు లేచాయి. ఫిట్స్ అనుకున్నాడు డాక్టరు. అదే నిజమైతే మందు పెంచాలి, మనిషి మళ్లీ నిద్రలో మునగాలి. మంచం పక్కన కూర్చున్న తల్లి మొహం పాలిపోయింది.

"కాసేపు ఆగండి సార్. నాకెందుకో అనుమానంగా ఉంది," అంది అక్క.

"మీకు ఎప్పుడు లేదు గనక?" అన్నాడాయన. అయినా ఆగాడు.

అక్క రంగంలోకి దిగింది. గాలిపరుపు మోటారు ఆపించింది. ఫ్యాను ఆపించింది. నర్సు జేబులో ఫోను లాక్కుంది. డాక్టరు గారు కాలు ఊపుతున్నారేమోనని వంగి చూసింది. అలలు మాత్రం తమ దారిన తాము నడుస్తూనే ఉన్నాయి. ఇక నిజమైనవే కాబోలని ఒప్పుకోబోతూ దుప్పటి సర్దింది. దుప్పటి కింద తల్లి చెయ్యి కొడుకు భుజం మీద జోకొడుతోంది. జోకొట్టినప్పుడల్లా ఆ బుర్రమీసాల కొడుకు తల దిండు మీద కాస్త కాస్త ఊగుతోంది. లోకాన్నంతా అనుమానించిన అక్కకు ఆ చెయ్యి మీద అనుమానమే రాలేదు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"నిద్రలో బెదురుతాడేమోనని. చిన్నప్పట్నుంచీ ఇలా కొడితేగానీ వాడికి నిద్ర పట్టదు."

"పట్టిందమ్మా. బాగా పట్టింది. మనకిప్పుడు లేవడం కావాలి. చెయ్యి తియ్యండి."

చెయ్యి తీసింది. అలలు ఆగాయి.

"అయితే నా చేత్తో నేనే వాణ్ణి లేవకుండా చేశానా?" అని ఆ తల్లి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. డాక్టరు మందు తగ్గించాడు. డ్యూటీ అయిపోయినా అక్క కదల్లేదు. తను పట్టింది నిజంగా దొంగేనా అని ఇప్పుడు తన మీదే అనుమానం. అవి నిజం ఫిట్సే అయితే మందు తగ్గించడం ఎంత ప్రమాదమోనని భయం.

సాయంత్రానికి డ్రైవరు కళ్లు తెరిచాడు. అక్క తెర వైపు చూడడమే మరిచిపోయింది. ఇన్నాళ్లూ ఆ కళ్ల కోసమే కాచుక్కూర్చున్న తల్లి కొడుకు మొహం మీదికి వంగి, అలవాటు కొద్దీ, "ఇంకాసేపు పడుకో నాన్నా, ఇంకా తెల్లారలేదు," అంది.