గాజు కప్పు మీద సున్నం

సౌదీలోని తబూక్‌లో మేం పనిచేసిన పొలంలో గ్రీన్‌హౌసులన్నీ ప్లాస్టిక్ గుడారాలే. ఒక్కటి మాత్రం పాత ఇంగ్లీషు పద్ధతిలో ఉండేది. సన్నని ఇనుప కమ్ముల మధ్య గాజు పలకలు, మడతలు మడతలుగా కప్పు. విక్టోరియా రాణి కాలంలో ఒక తోటమాలి ఇలాంటి కప్పుతోనే లండన్‌లో పెద్ద ప్రదర్శనశాల కట్టాడని మా ఈజిప్టు మేనేజర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. లోపల జనం ఉడికిపోకుండా ఆయన ఆ గాజు మీద గుడ్డ పరిపించాడట. మేం సున్నం కొట్టేవాళ్ళం. చలికాలానికి ముందు కడిగేస్తే మొక్కలకు మళ్ళీ వెలుతురు వచ్చేది.

అక్కడ నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఒక వేసవి గాలిదుమారానికి సున్నం రాలిపోయి, ఎండలో మళ్ళీ కొట్టించాల్సివచ్చింది. మరుసటి ఏడు, మా జగిత్యాల పెయింటర్‌తో సున్నంలో వడ్రంగుల జిగురు కలపమన్నాను. ఊళ్ళో గోడలకు బంక కలిపే వేస్తాం కదా. అతనికీ అది సబబుగానే తోచింది.

దుమారాలకు సున్నం చెక్కుచెదరలేదు. చలికాలం ముందు ఎంత కడిగినా కూడా వదల్లేదు. గీకితే గాజు మీద గీతలు పడ్డాయి. లోపల కీరా తీగలు పాలిపోయి పిందెలు రాల్చేశాయి.

మేనేజర్ మా ఇద్దరినీ పిలిచి, జిగురు ఎందుకు కలిపావని పెయింటర్‌ను అడిగాడు. అతనికి అరబీ రాదు. నావైపు తిరిగి, "అన్నా, నువ్వు కలుపుమంటెనే కలిపిన. గా ముచ్చట సారుకు జెప్పు" అన్నాడు.

తప్పయిపోయిందంటున్నాడని నేను అరబీలో చెప్పాను.

అతన్ని పనిలోంచి తీసేసి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పంపేశారు. విమానాశ్రయంలో దింపింది నేనే. "నువ్వు జెప్పినా గాయన ఇనలే. నువ్వేం జేస్తవన్నా" అని నన్నే ఊరడించాడు.

తర్వాత క్యాంపులో అందరూ అతన్ని జిగురు పెయింటర్ అని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

ఈమధ్య అతను ఏజెంటు ద్వారా మళ్ళీ మా పొలానికే వీసా అడిగాడు. పేరు చూసి మేనేజర్ వద్దన్నాడు. అప్పుడు మేనేజర్‌కు అసలు జరిగింది చెప్పాను. ఆయన ఆ పని అప్పటికే ఒక బంగ్లాదేశీకి ఇచ్చేశానన్నాడు. పెయింటర్‌కు ఫోన్ చేసి, అప్పుడు అరబీలో నేనన్న మాటా, ఈ వీసా సంగతీ రెండూ చెప్పాను. "గట్లనా" అని పెట్టేశాడు. మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు.

తబూక్‌లో ఇంకా ఎవరైనా ఆ కథ చెబుతుంటే, జిగురు కలపమన్నది నేనని వాళ్ళకు తెలియాలి.