గీత మీదికి రాని టైమింగ్

1996 ఆగస్టు. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక గ్యారేజీలో నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. కాకినాడలో డిప్లొమా చేసి వచ్చాను. ఇంజిన్ పనులు చూసే రహీం భాయ్‌ది పెషావర్. ఫోర్‌మన్ రాజేశం గారిది జగిత్యాల.

ఆ మధ్యాహ్నం మా ముందున్నది రెండు టర్బోల స్పోర్ట్స్ కారు. కింద పిస్టన్లను నడిపే క్రాంక్‌నూ పైన క్యామ్‌షాఫ్ట్‌నూ జతగా తిప్పే టైమింగ్ బెల్టును రహీం భాయ్ మార్చాడు. ఇక నేను క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సెట్ చేయాలి. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది ఈ సెన్సరే. దాన్ని బట్టే స్పార్క్ పడుతుంది. సెన్సర్ బోల్టులకు పొడవాటి గాడులుంటాయి. బోల్టులు వదులు చేసి సెన్సర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, కింద తిరిగే పుల్లీ మీద, స్పార్క్‌తో పాటే మిణికే టైమింగ్ లైట్ వేయాలి. పుల్లీ మీది గీత స్కేలు మీద సరైన అంకె దగ్గర ఆగినట్టు కనిపిస్తే పని అయినట్టే.

గీత అక్కడికి రాలేదు. గాడి చివరిదాకా తిప్పినా ఇంకా దూరంగానే ఉంది.

కారు యజమాని నాసర్ పక్కనే నిలబడి ఉన్నాడు. సౌదీలో తమ్ముడి పెళ్ళి. సాయంత్రానికల్లా సరిహద్దు దాటాలి. "యల్లా సదీక్, గాడీ ఖలాస్?" అంటూ, బండి అయిపోయిందా అని ఊపిరి ఆడనివ్వడం లేదు.

రాజేశం గారు నా దగ్గరికి వంగారు. "ఆ గాడిని ఆకురాయితోని జర అరగదియ్యరాదు? గీత మీదికొస్తది, బండి పోతది."

"అలా చేయకూడదండి. గాడి చాలట్లేదంటే తేడా ఇంకెక్కడో ఉంది. బెల్టు ఒక పన్ను తప్పిందేమో చూడాలి."

ఆ మాట రహీం భాయ్‌కి తగులుతుందని అన్న తర్వాతే తట్టింది. రాజేశం గారి ముఖం మారిపోయింది. "మొన్న గూడ ఒక బెల్టు గిట్లనే ఏసిండు. ఇది గూడ తప్పైతే ఎగ్జిట్ కొట్టిస్త" అన్నారు. తెలుగు రాకపోయినా ఎగ్జిట్ అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేయడమని రహీం భాయ్‌కి తెలుసు. నా వైపు చూసి, "ఖోలో" అన్నాడు. "తెరువు. నీ కళ్ళతో నువ్వే చూసుకో."

నాసర్ మండిపడ్డాడు. "ఇంజిన్ నడుస్తోందిగా! ఎందుకు విప్పుతారు?"

"ఇలాగే వేగంగా వెళితే ఎడారి మధ్యలో ఇంజిన్ పోవచ్చు" అన్నాను నా వచ్చీరాని హిందీలో.

"పోకపోతే?"

నేను పానా అందుకున్నాను.

చేతులు కాలుతుండగానే పుల్లీ, కవర్లు ఊడదీశాం. క్రాంక్‌ను పానాతో మెల్లగా తిప్పుతూ, బెల్టు చక్రాల మీది గుర్తులు కలుస్తాయా అని చూశాను. పన్ను తప్పి ఉంటే నా నోటి వల్ల ఒక మనిషి ఉద్యోగం పోతుంది. తప్పకపోతే నేనే మూర్ఖుణ్ణి.

గుర్తులన్నీ కచ్చితంగా కలిశాయి. రహీం భాయ్ వేసిన బెల్టులో ఏ తప్పూ లేదు.

"మరి గీత ఎందుకొస్తలేదు?" అన్నారు రాజేశం గారు, గొంతు తగ్గించి.

మొదటి సిలిండర్ స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ కన్నంలో సన్నటి కడ్డీ దించి, పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చాను. అప్పుడు పుల్లీని మళ్ళీ తొడిగి చూశాం. గీత సున్నా దగ్గర ఉండాలి. లేదు. ఆ పుల్లీ ఒకే ముక్క కాదు, లోపలి చక్రానికీ బయటి చక్రానికీ మధ్య రబ్బరు ఉంటుంది. ఎండలకు ఆ రబ్బరు పట్టు వదిలి బయటి చక్రం జరిగిపోయింది. గీత ఉన్నది దాని మీదే.

ఆ గీతను నమ్మి గాడి అరగదీసి ఉంటే, స్పార్క్ బాగా ముందే పడి, సరిహద్దుకు పోయే సల్వా రోడ్డు మీద పిస్టన్లు కరిగిపోయేవి.

వేరే పుల్లీ తెప్పించి బిగించాం. ఈసారి గీత కుదురుగా నిలబడింది, సెన్సర్ గాడి మధ్యలోనే ఆగింది. నాసర్ ఆలస్యంగానైనా బయల్దేరాడు. పెళ్ళికి అందాడని తర్వాత తెలిసింది. రాజేశం గారు మాత్రం రహీం భాయ్‌తో ఒక్క మాట కూడా అనకుండా ఆఫీసులోకి వెళ్ళిపోయారు.

టీ దగ్గర రహీం భాయ్‌ని అడిగాను, "నా మీద కోపం వచ్చిందా?"

"వచ్చింది" అన్నాడు. "కానీ నన్ను కాపాడదామని నువ్వు నోరు మూసుకుని ఉంటే? ఇంజిన్ పగిలేది. బెల్టు వేసింది ఎవరని అడిగేవాళ్ళు."

గుర్తు కూడా ఒక విడిభాగమేనని, అదీ చెడిపోతుందని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచీ టైమింగ్ కుదరకపోతే ముందు పిస్టన్‌ను పైకి తెచ్చి గీతను పరీక్షిస్తాను. మనుషులను అనుమానించడం ఆ తర్వాతే. అనుమానం మిగిలితే మాత్రం, ఆ మనిషి ఎదుటే పైకి చెప్పేస్తాను.