ఏడు పాయింట్ ఇరవై

నిన్న చేవెళ్ల నుంచి షేర్ ఆటోలో మొయినాబాద్ వెళ్తుంటే, హార్డ్‌వేర్ షాపు పైన ఒకప్పటి మా ఆఫీసు ఉన్న అంతస్తుకు జిమ్ బోర్డు కనిపించింది. కండలు తిరిగిన మనిషి బొమ్మను సరిగ్గా నేను కూర్చున్న కిటికీ మీదే అంటించారు. పీడ పోయిందిలే అనుకున్నాను గానీ, ఆటో దిగాక కూడా మనసు అక్కడే ఉండిపోయింది.

రిటైరైన లెక్కల టీచరమ్మలకు ఈ ఊళ్లలో ఏం పని దొరుకుతుంది చెప్పండి, మనవల ముక్కులు తుడవడం తప్ప. అలాంటి రోజుల్లో మా ఆడబిడ్డ, అంటే మావారి ఒక్కగానొక్క చెల్లెలు, తనూ ప్రైవేటు బడిలో టీచరుగా చేసి మానేసినదే, ఆ ఆఫీసు సంగతి మోసుకొచ్చి నన్నూ చేర్పించింది. ఏజెంట్లని చెప్పే కృత్రిమ మేధ యంత్రాలు సొంతంగా లెక్క చేస్తే తప్పులు పోతాయట. అందుకని లెక్కకు వేరే పనిముట్లు ఉంటాయి, వాటిని ఎట్లా వాడాలో రాసిన వివరణను యంత్రం చదువుకుని దాని ప్రకారం వాటికి అంకెలు అందిస్తుంది. ఆ వివరణ తిన్నగా ఉందో లేదో చదివి మార్కులు వేయడం మా పని. జన్మంతా పేపర్లు దిద్దిన చేతులకు అదేం బరువు? పొద్దున్నే ఇద్దరం ఒకే ఆటోలో, ఒకరి ఒళ్లో ఒకరం సంచులు పెట్టుకుని, దారి పొడుగునా ఎవరి అత్తగారి మీద వాళ్లం చాడీలు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లం. నన్ను ఫలానా ఇంటి కోడలు అనకుండా పేరు పెట్టి పిలిచిన చోటు నా జీవితంలో అదొక్కటే, అందుకే ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, మిగతావాళ్లంతా ఈ మట్టిలో పుట్టినవాళ్లు. ఇక్కడ ఎకరానికి నలభై గుంటలు, కాబట్టి 7.20 అని రాస్తే ఏడెకరాల ఇరవై గుంటలని, అంటే ఏడున్నర ఎకరాలని పిల్లలు కూడా చెప్తారు. మా పుట్టింటి వైపు ఎకరానికి వంద సెంట్లు, అక్కడ అదే అంకెకు ఏడెకరాల ఇరవై సెంట్లని అర్థం. ఒకరోజు భూమిని వాటాలు వేసే పనిముట్టు వివరణ మా ముందుకొచ్చింది. విస్తీర్ణం ఎకరాల్లో ఇవ్వమన్నారు, చుక్క తర్వాత రాసేది ఏమిటో మాత్రం చెప్పలేదు. అందరూ తమకు తెలిసినదాన్ని అందులో చదువుకుని నిండుగా మార్కులు వేశారు. నేను సున్నా వేసి, గుంటలా దశాంశాలా అన్నది తేల్చి రాయకపోతే యంత్రం తప్పు చేస్తుందని కింద ఒక వాక్యం రాశాను.

మా పిల్లల ఈడు సూపర్‌వైజరు దాన్ని గోడ మీది తెరకు ఎక్కించి అందరి ముందూ బిగ్గరగా చదివాడు. అప్పుడు మా ఆడబిడ్డ పక్క కుర్చీలోంచి, "మా వదిన ఇన్నేండ్లాయె వచ్చి, ఇంకా సెంట్ల కాడనే ఉన్నది, మా గుంటలు ఆమెకు ఒంటబట్టలే" అన్నది. గది గదంతా పగలబడి నవ్వింది. తనూ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సాయంత్రం ఆ సూపర్‌వైజరు నన్ను మెట్ల దగ్గర ఆపి, "అందరి మార్కులతోని మీవి కలుస్తలేవు మేడం, రేపటి సంది రాకుండ్రి" అన్నాడు. ఆ రోజు ఆటోలో ఎవరి సంచి వాళ్ల ఒళ్లోనే పెట్టుకున్నాం.

అత్తగారు పోయాక ఆలూరులోని పొలం పంపకానికి వచ్చింది. సరిగ్గా ఏడెకరాల ఇరవై గుంటలు, ఐదుగురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. మా ఆడబిడ్డ భర్త పోయి చేవెళ్లలో కిరాయింట్లో ఉంటున్న మనిషి, తన వాటాలో రెండు గదులు వేసుకుంటానని గుమ్మం ఎటు పెట్టాలో కూడా అనుకుని పెట్టుకుంది. తను మార్కులు వేసిన పనిముట్టే కదా అని లెక్క తనే ఫోనులో చేయించింది. యంత్రానికి గుంటల సంగతి ఏం తెలుసు, 7.20ని ఆరుతో భాగించి తలా 1.20 అన్నది. ఆమె దాన్ని ఎకరం ఇరవై గుంటలని చదువుకుని, మళ్లీ ఫోనులోనే ఆరుతో గుణించి చూసుకుంటే 7.20 వచ్చింది, తృప్తిపడి సంతకం పెట్టింది. నిజానికి ఒక్కొక్కరికి వచ్చేది ఎకరం పది గుంటలే. పంపకానికి కోడళ్లను పిలిచే ఆచారం మా ఇంట్లో లేదు గనుక నేను వంటింట్లోనే ఉన్నాను.

సర్వేయరు రోడ్డు వైపు నుంచి కొలిచాడు. పెద్దవాడితో మొదలుపెట్టి తలా ఎకరం ఇరవై గుంటలకు కడీలు, అంటే హద్దు రాళ్లు, పాతుకుంటూ పోతే, ఐదోవాడి దగ్గరే పొలం అయిపోయింది. అవతల పక్కవాళ్ల గట్టు. తన కడీలు ఆటోలో వేయించుకొచ్చిన మనిషి వాటిని ఎక్కడ దింపాలో తెలియక నిలబడిపోయిందట. పుట్టినప్పటి నుంచి గుంటలు కొలిచిన ఐదుగురు మగవాళ్లకు ఆ లెక్క ముందే తెలియదంటే నేను నమ్మను. "లెక్క నువ్వే చేపిచ్చినవ్ గద చెల్లె, మేమేం జేస్తం" అన్నారట. అన్నవారు మావారే.

ఆ రాత్రి కబురు వినగానే నాకు కలిగినది సంతోషం, దాచుకోవడం దేనికి. తెల్లవారేసరికి అది చేదైపోయింది. తలా పది గుంటలు వెనక్కిస్తే ఆమె వాటా నిండుతుందని మావారికి కాగితం మీద వేసి చూపించాను. పాతిన కడీలు పీకుతారా ఎవరన్నా, అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఆమె ఆ నెలలోనే చేవెళ్ల ఇల్లు ఖాళీ చేసింది, మోకిల వైపు ఎవరింట్లోనో వంట చేస్తున్నదని విన్నాను.

ఇప్పుడు ఏ ఫోనులో భూమి లెక్క అడిగినా, గుంటలా సెంట్లా అని అదే ముందు అడుగుతుంది, ఎవరు నేర్పారో దానికి. మన కాలంలో యంత్రాలు మంచీ మర్యాదా నేర్చుకుంటున్నాయి, మనుషులం మరిచిపోతున్నాం. మావారు మా వాటాలో టమాటా వేశారు. అందులో ఆమె పది గుంటలు ఏ వైపున్నాయో ఎవరూ చెప్పలేరు. బుట్ట ఇంటికొస్తుంది, నేనే కోసి వండుతాను, అందరం తింటాం.