బోణీ వేళకి వచ్చిన కారు బేరం

మా కారు ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. బయటినుంచి ఎవరైనా పిడి పట్టుకుని కాస్త పైకెత్తి లాగితేనే వస్తుంది. ఈ సంగతి కొన్నరోజే నాకు తెలుసు. తెలిసే కొన్నాను. ఆ తలుపు పేరు చెప్పి ధర తగ్గించాను, సీటు కవర్లు, స్టెప్నీ, పాటల పెట్టె అదనంగా రాబట్టాను, చివరికి అమ్మినాయన చేతే ట్యాంకులో పెట్రోలు కూడా పోయించుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు కారు అవసరమే లేదు. బేరం అంత చక్కగా కుదిరాక వదిలేసి రావడానికి మనసొప్పలేదు, అంతే.

మా ఇంటావంటా ఇదే వరస. తిరువూరు మెయిన్ రోడ్డు మీద మాది హార్డ్‌వేర్, రంగుల షాపు. కింద షాపు, పైన ఇల్లు. నాన్న, పెదనాన్న, మేనమామలు అందరూ గల్లాపెట్టె వెనకాల కూర్చున్నవాళ్ళే. చెప్పిన ధర ఇచ్చేసి వస్తువు కొని తెస్తే, మా ఇంట్లో ఒంట్లో బాగాలేదేమోనని నుదురు తాకి చూసేవాళ్ళు. నా పెళ్ళిచూపుల్లో సున్నుండలు బాగున్నాయని అన్నందుకు, తిరిగొచ్చే దారిపొడవునా పెదనాన్న నాకు చివాట్లు పెట్టాడు. "ఎదుటివాళ్ళ సరుకుని వాళ్ళ మొహానే మెచ్చుకుంటావట్రా? ఇంకేం మాట్లాడతాం మనం?" అని.

ఆ సున్నుండలు చేసినావిడే ఇప్పుడు మా ఆవిడ. విస్సన్నపేట వైపు ఒక ఊళ్ళో టీచరు. ఏళ్ళ తరబడి షేర్ ఆటోలో, ఒక మోకాలు లోపల, ఒక మోకాలు బయట పెట్టుకుని బడికెళ్ళింది. పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు కారు తాళం చేత్తో పట్టుకొచ్చి, "మీరు ఎటూ తోలరు. నాకు నేర్పండి" అంది. మార్కెట్ యార్డులో ఖాళీగా ఉన్న జాగాలో నేర్చుకుంది. నేర్పింది నేనేనని నలుగురిలో చెప్పుకుంటాను గానీ, నేను నేర్పింది హారన్ కొట్టడం ఒక్కటే. మిగతాదంతా ఆవిడ సొంతంగానే నేర్చుకుంది. నేను పక్కన కూర్చుని నా కాళ్ళ దగ్గర లేని బ్రేకుని తొక్కుతూ ఉన్నాను. బడులు తెరిచిన రోజున ఆవిడ ఒక్కతే కారు తీసుకుని వెళ్ళి, సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చింది. ఆ రోజు మెట్లెక్కేటప్పుడు ఆవిడ నడకే వేరుగా ఉంది.

ఆ మాట ఎలా ఉన్నా, కారు మాత్రం తుప్పు పట్టేసింది. మా షాపులో ఇనుముకి తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడ్ డబ్బాలు గోడ పొడవునా పేర్చి ఉంటాయి. ఆ డబ్బాల ఎదురుగానే, రోడ్డు పక్కన నిలబడి, మా కారు నింపాదిగా తుప్పు పట్టింది. వచ్చినవాళ్ళకల్లా "రెండు కోటింగులు కొట్టండి, ఇక చూసుకోనక్కర్లేదు" అని చెప్పి అమ్మే మనిషిని, నా కారుకి ఒక్క కోటింగు కొట్టలేదు. సొంతానికి వాడుకుంటే సరుకు ఖర్చు కదా!

మొదటి వాన గట్టిగా కురిసిన రోజు ఆవిడ తడి చెప్పులతో ఇంటికొచ్చింది. గొడుగు పొడిగానే ఉంది. కారులో కాళ్ళకింద మ్యాట్ ఎత్తి చూస్తే రోడ్డు కనిపించింది.

టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కిందికి దూరి చూసి, తాపీగా బయటికొచ్చాడు.

"షావుకారు గారూ, దీనికి కింద రేకు లేదండీ. మ్యాట్ ఒక్కటే ఉంది."

"ఏదో చిన్న చిల్లు మేస్త్రీ. ఓ ముక్క అతికించేస్తే పోద్ది."

ఆయన స్క్రూడ్రైవర్ తీసి అక్కడా ఇక్కడా పొడిచాడు. పొడిచిన చోటల్లా ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు దిగింది.

"కారుకి చిల్లు పడలేదండీ, ఉన్నదే చిల్లు. దాని చుట్టూ కారుంది" అన్నాడు.

ఖర్చు ఎంతవుతుందో చెప్పాడు. నేను వెంటనే మా వంశాచారం ప్రకారం మొహం చిట్లించాను. "ఈ తుక్కుకి అంతా? తుక్కు బండికి తుక్కు రేటు చెప్పాలి గానీ!" అన్నాను. "తుక్కని మీరే అంటున్నారుగా, మరి తుక్కు కొట్టుకే తోలెయ్యండి. నా టైం ఎందుకండీ పాడుచేస్తారు?" అని ఆయన వెళ్ళి ఇంకో కారు కిందికి దూరిపోయాడు. నన్ను నా మాటతోనే గేటు దాటించాడు.

దాంతో అమ్మేయాలని నిశ్చయించుకున్నాను. వచ్చిన దానికి కొంత కలిపి, కాస్త కొత్తది, మెరిసేది తెస్తే ఆవిడ బడి ముందు దర్జాగా దిగుతుంది కదా అని కూడా అనుకున్నాను. ఆ తుప్పు చూసి ఆవిడ నామోషీ పడుతోందని నా ఊహ. అన్నం తినేటప్పుడు చెప్పాను.

ఆవిడ పప్పు వడ్డించే గరిటె గిన్నెలో అలాగే ఉంచేసింది. "కొత్త కారైతే నేను ముట్టుకోనండీ."

"ఎందుకు?"

"గీత పడితే? ఆ గీత గురించి మీరు పదేళ్ళు మాట్లాడతారు. పోయినేడు స్టీలు బిందె సొట్ట పడితే ఇప్పటికీ చుట్టాలకి చూపిస్తున్నారు. దీనికైతే ఎక్కడ గీత పడిందో మీకే తెలీదు. అందుకే నాకు చెయ్యి వణకదు. దీన్ని అమ్మేస్తే నేను మళ్ళీ ఆటోనే."

"నెమ్మదిగా అలవాటవుద్దిలే."

"అవదు. నాకు తెలుసు."

తమాషాకి అందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మజ్జిగ పోసి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఒకాయన వచ్చాడు. రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకి తీసుకునే వ్యాపారి. తోటల గట్ల వెంట తిరగడానికి పాత బండి కావాలట. మేస్త్రీ దగ్గర తుక్కు అన్న నోటితోనే, ఆయన దగ్గర ఆ కారుని ఆకాశానికెత్తాను. ఇంజను పసిపాప గుండె అన్నాను. తుప్పు సంగతి ఎత్తితే, "పాత కార్లకి రేకు మందం అండీ, అందుకే ఇన్నాళ్ళకి పట్టింది. ఇప్పటి వాటికైతే పట్టడానికి రేకేది?" అన్నాను. ఆయన నవ్వుతూ విన్నాడు, మ్యాట్ ఎత్తి చూశాడు, నవ్వుతూనే మళ్ళీ వేశాడు. నేను చెప్పిన ధరలో సగం దగ్గర ఆయన నిలబడ్డాడు, నా ధర దగ్గర నేను నిలబడ్డాను. రెండు టీలయ్యాయి. "సరే అన్నయ్య గారూ, పొద్దున్నే కలుస్తా" అని వెళ్ళాడు.

పొద్దున్నే అన్న మాట నేను పట్టించుకోలేదు. అక్కడే దెబ్బతిన్నాను.

మా షాపుల వాళ్ళకి బోణీ అంటే ఒట్టు లాంటిది. రోజులో మొదటి బేరాన్ని ఉత్త చేతుల్తో తిప్పి పంపకూడదు. కాస్త తగ్గినా సరే ఇచ్చెయ్యాలి, డబ్బు కళ్ళకద్దుకోవాలి, అప్పుడే రోజంతా గల్లాపెట్టె గలగలలాడుతుంది. నాన్న ఇది తు.చ. తప్పకుండా పాటించాడు, నాకూ అబ్బింది. ఆ మాటకొస్తే దీని రెండో వైపు కూడా నాకు బాగా తెలుసు. ఏం కొనాలన్నా ఎదుటివాళ్ళ షాపు తెరిచే వేళకి వెళ్ళి నిలబడతాను. ఊళ్ళో కొందరు నన్ను పొద్దున్నే చూస్తే షట్టరు సగంలో ఆపేసి, ఫోను మాట్లాడుతున్నట్టు అటు తిరుగుతారు.

ఆ పొద్దున నా షట్టరు సగం పైకి లేచేసరికి, దాని కింద రెండు తెల్లటి కిర్రు చెప్పులు కనిపించాయి. పూర్తిగా లేపితే మామిడికాయల వ్యాపారి!

"దణ్ణం పెట్టుకోండి అన్నయ్య గారూ, తొందరేం లేదు" అన్నాడు మర్యాదగా. దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి ఇటు తిరిగానో లేదో, బయానా నోట్లు చాచాడు. "నిన్నటి నా ధరే. బోణీ బేరం. కాదనకండి."

నా ఆయుధం నా మెడ మీదే పెట్టాడు. అంత పెద్ద బేరాన్ని బోణీ కింద జమకడతారా అని అడగబోయాను గానీ, లోగడ నేనే ఒకాయన దగ్గర ఫ్రిజ్జు బోణీకి కొన్నాను. పుచ్చుకుందామా అంటే సగం ధర. వద్దందామా అంటే చెయ్యి అటే పోతోంది. చెయ్యి సగం దూరం వెళ్ళేసరికి మెట్లమీంచి చెప్పుల చప్పుడైంది.

మా ఆవిడ. భుజాన బ్యాగు, చేతిలో లంచ్ బాక్సు, కారు తాళం. వ్యాపారి చేతిలోని నోట్లు చూసింది, నా చెయ్యి చూసింది. క్షణం ఆగి, కొనడానికొచ్చిన మనిషిలా కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"రెడ్ ఆక్సైడ్ డబ్బా ఒకటివ్వండి."

"ఏంటే, ఇప్పుడా?"

"షాపు తెరిచారా, లేదా?"

తీసిచ్చాను. ధర అడిగింది. అలవాటుకొద్దీ చెప్పేశాను. ఆవిడ మొహం చిట్లించింది! అచ్చం మా పెదనాన్నలా.

"అంత చెప్తే ఎట్లాగండీ? బస్టాండు దగ్గర షాపులో తక్కువకే ఇస్తున్నారు. మూత కూడా సొట్టపోయి ఉంది."

"అది సొట్ట కాదు, అలాగే వస్తది."

"బ్రష్షు ఒకటి ఊరికే వెయ్యండి. బోణీ బేరం, కాదనకండి."

వ్యాపారి పగలబడి నవ్వాడు. నేను ధర తగ్గించాను, బ్రష్షు వేశాను. ఆవిడ డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. కళ్ళకద్దుకున్నాను. ఏం చేస్తాం, బోణీ బోణీయే. ఆవిడ డబ్బా పట్టుకుని వెళ్ళి వెనక సీట్లో పెట్టి, తన సీట్లో కూర్చుంది. ఇంజను స్టార్ట్ చేయలేదు. అద్దంలోంచి ఇటే చూస్తోంది.

బోణీ అయిపోయింది, ఇప్పుడు నేను స్వేచ్ఛాజీవిని. వ్యాపారికి ఆ సంగతి నాకన్నా ముందే అర్థమైంది. "సరే అన్నయ్య గారూ, వదినమ్మ నా దారి మూసేసింది. మీ ధరే మీకిస్తా, కానివ్వండి" అన్నాడు.

నేను చెప్పిన ధర! పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన ధర నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇస్తారని నేనూ అనుకోలేదు, తగ్గించడానికే కదా చెప్పేది. నోరు ఊరింది. అటు చూస్తే ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, మార్కెట్ యార్డులో మొదటిరోజు కూర్చున్నంత గట్టిగా పట్టుకుని కూర్చుంది. వణకని చేతులు అవి. మెరిసే కారు తెచ్చి వాటిని వణికించబోయాను.

"లేదండీ, అమ్మేశాను" అన్నాను.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. బోణీకి. మీ కళ్ళముందే కదా!"

ఆయన నావైపు, కారువైపు మార్చి మార్చి చూసి, నోట్లు జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తోట గేటుకి ఒక తాళం కొన్నాడు. దానిమీద పావుగంట బేరమాడాడు. ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. కారు అప్పటికి స్టార్టయి, హారన్ కొట్టి, విస్సన్నపేట వైపు వెళ్ళిపోయింది. ఆ హారన్ నేను నేర్పిందే.

మేస్త్రీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి కారుని తుక్కు అనలేదు. కింద కొత్త రేకు వేసి వెల్డింగు చేశాడు. ఆదివారం మేమిద్దరం షాపు ముందు కూర్చుని, తుప్పు గీకి, ఆ డబ్బాలోది పూశాం. దారినపోయే ప్రతివాడూ ఆగి సలహా చెప్పాడు. తెల్ల కారు మీద ఎర్రటి మచ్చలు పడి, దూరానికి ఆవుదూడలా కనిపించింది. పైన తెల్ల రంగు కూడా వేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "వద్దు. అప్పుడది కొత్త కారైపోద్ది."

రంగు ఆరాక నెమలి అనే ఊళ్ళో గుడికి వెళ్ళాం. ఆవిడ తోలింది, నేను ఎడమవైపు కూర్చున్నాను. కాళ్ళు పొడిగా ఉన్నాయి, రోడ్డు కిటికీలోంచి మాత్రమే కనిపించింది. గుడి దగ్గర ఆవిడ దిగి, కొబ్బరికాయల బుట్ట తీసుకుని, నా తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. తియ్యలేదు.

"ఈ తలుపు కూడా బాగుచెయ్యమని మేస్త్రీకి చెప్పానే!" అన్నాను, రెండు వేళ్ళకి మించి దిగని అద్దం దించి.

"నేనే వద్దన్నాను. మళ్ళీ ఎప్పుడూ దీన్ని బేరానికి పెట్టనని చెప్పండి, తీస్తాను."

"ఒక ఏడాది పెట్టను."

"కుదరదు."

"రెండేళ్ళు. ఇంక నావల్ల కాదు, నా మాట విను."

ఆవిడ గుడివైపు నడిచింది. ఇది కూడా నా విద్యే. బేరం కుదరకపోతే వెనక్కి చూడకుండా నడిచెయ్యి, షావుకారే పిలుస్తాడు అని పెళ్ళైన కొత్తలో చీరల షాపుల్లో ఆవిడకి నేర్పింది నేను. షావుకారు ఎన్ని అడుగుల దాకా ఓర్చుకుంటాడో కూడా అప్పుడే చెప్పాను. గేరు మీంచి పాకి అటువైపు దిగే ఒళ్ళు కాదు నాది. అన్ని అడుగులూ ఓర్చుకున్నాను. ఎండ చురుక్కుమంటోంది, పులిహోర వాసన వస్తోంది.

"ఇదిగో!" అని పిలిచాను.